హాలులో శిక్షణ, గూడెంలో బడి

తెలంగాణలోని దమ్మపేట, అశ్వారావుపేట పామాయిల్ రైతులకు ఇండోనేసియా దూరదేశం కాదు. 2022 ఏప్రిల్ చివర్లో ఆ దేశం పామాయిల్ ఎగుమతులను మూడు వారాలకు పైగా నిలిపేసింది. అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు తోలే రైతుకు కూడా అది పట్టించుకోవాల్సిన వార్తే. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ పామాయిల్ తీసేది ఇండోనేసియా. అక్కడ తీసుకున్న నిర్ణయం ఇక్కడ టన్ను గెలల ధరలో తేలుతుంది. ఈ రెండు చోట్లనూ కలిపే ముడి ఇంకొకటుంది. దాని గురించి మాత్రం మనం మాట్లాడుకోం. పంతుళ్లకు శిక్షణ ఎలా ఇవ్వాలన్న విషయంలో తెలుగు నేల, ఇండోనేసియా నలభై ఏళ్లకు పైగా దాదాపు ఒకే దారిలో నడిచాయి, ఒకే చోట తడబడ్డాయి.

1979లో పశ్చిమ జావాలోని చియాంజూర్‌లో బ్రిటన్ సాయంతో ఒక ప్రయోగం మొదలైంది. టీచరు చెప్పింది వల్లెవేయడం కాదు, పిల్లలే చేసి, చూసి, మాట్లాడి నేర్చుకోవాలన్నది దాని సారం. కొన్నేళ్లకు అదే బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే ఏపీపీఈపీ, మన దగ్గర మొదలైంది. ముందు ప్రయోగంగా కొన్ని బడుల్లో నడిచి, 1989 తర్వాత రాష్ట్రమంతా విస్తరించి, 1996 దాకా సాగింది. దాని ఆరు సూత్రాలు ఆనాటి టీచర్లలో చాలామందికి నోటికొచ్చు. టీచరే తరగతికి తగ్గ కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లల మధ్య తేడాలను గుర్తించాలి. పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకట్టుకునేలా ఉంచాలి. నేటి ఏ శిక్షణ మాడ్యూలు తెరిచినా ఈ ఆరింటినే కొత్త మాటల్లో చూస్తాం. ఆ పథకాన్ని తేలిగ్గా తీసేయను. బెత్తం, నల్లబల్ల తప్ప మరొకటి లేని బడుల్లోకి రంగు కాగితాలను, ఆటను, పాటను తెచ్చింది అదే.

కానీ ఆరు సూత్రాల్లో ఏది త్వరగా పాకిందో చూడండి. ప్రదర్శన. గోడలకు చార్టులు వచ్చాయి, దారానికి బొమ్మలు వేలాడాయి. పిల్లల మధ్య తేడాను గుర్తించి ఆ పిల్లవాడికి తగ్గట్టు చెప్పడమనే సూత్రం చాలా బడుల్లో కాగితం దాటలేదు. చార్టు తనిఖీకి వచ్చినవారి కంటికి కనిపిస్తుంది. వెనక వరుసలో కూర్చున్న పిల్లకు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఎందుకు రావడం లేదో ఒక టీచరు కనిపెట్టడం ఎవరికీ కనిపించదు. ఇండోనేసియాలోనూ అంతే జరిగింది. చియాంజూర్‌లో టీచర్లు తరచూ కలుసుకుని, పర్యవేక్షకులు తోడుగా నిలిచినంత కాలం ఆ పద్ధతి బతికింది. దేశమంతా పరిచేసరికి బల్లలు గుంపులుగా చేరాయి గాని, చాలాచోట్ల పాఠం పాత పాఠమే.

పైకి కనిపించేది మారినా చదువు మారకపోవచ్చన్న మాటకు బలమైన ఆధారం తెలుగు బడుల్లోనే దొరికింది. 2005లో ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పెద్ద ఎత్తున పరిశోధన చేపట్టారు. అందులో ఒక భాగంగా వంద బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా రాసిచ్చారు, సరిదిద్దే సూచనలూ ఇచ్చారు. తర్వాత పరిశీలకులు వెళ్లి చూస్తే, ఆ బడుల టీచర్లు మిగతావారికన్నా చురుగ్గా పాఠం చెబుతున్నారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. చూసేవాళ్లున్నప్పుడు ఎలా చెప్పాలో టీచర్లకు తెలుసు; రోజూ అలా చెప్పడానికి కావలసిందేదో ఆ కాగితంలో లేదన్న మాట. అదే పరిశోధనలో, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో మార్కులు పెరిగాయి. అక్కడ మాత్రం, నివేదికలు పనికొచ్చాయని చెప్పిన టీచర్ల పిల్లలు మెరుగ్గా రాణించారు. బోనస్ ఒక్కటే మందు అని నేను అనను. సలహా ఎంత మంచిదైనా, దాన్ని వాడుకోవాల్సిన అవసరం, వాడుకునే వీలు టీచరు రోజువారీ పనిలో లేకపోతే అది బీరువాలో చేరుతుందని మాత్రం అంటాను.

అదే మురళీధరన్ మరి ముగ్గురితో కలిసి ఇండోనేసియాలో ఇంకో ప్రశ్న పరీక్షించారు. 2005లో అక్కడ వచ్చిన ఉపాధ్యాయ చట్టం సర్టిఫికెట్ పొందిన టీచరుకు మూల వేతనమంత అదనపు భత్యం ఇచ్చింది. 20 జిల్లాల్లో 360 బడుల మీద జరిగిన అధ్యయనంలో తేలిందేమిటంటే, జీతం రెట్టింపైన టీచర్లు సంతోషించారు, వారి డబ్బు ఇబ్బందులు తగ్గాయి, రెండో పని వెతుక్కోవడం తగ్గింది. రెండు, మూడేళ్ల తర్వాత చూసినా పిల్లల చదువులో మార్పు లేదు. టీచరుకు మంచి జీతం ఇవ్వాల్సిందే, అది వారి హక్కు. అయితే సర్టిఫికెట్టూ జీతమూ కలిసినా తరగతి గది తలుపు వాటంతటవే తెరవలేవు.

ఇక మన దగ్గర నుంచి ఒక శిక్షకుడు జావాకో సుమత్రాకో వర్క్‌షాపు నడపడానికి వెళ్తున్నాడనుకుందాం. ఇంగ్లిష్ బోధనలో అది అసాధ్యమేమీ కాదు. 1958లో పుట్టి నేటి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)గా మారిన హైదరాబాద్ సంస్థ, భారత ప్రభుత్వ ఐటెక్ కార్యక్రమం కింద ఏళ్ల తరబడి విదేశీయులకు ఇక్కడే శిక్షణ ఇస్తోంది. మన శిక్షకుడు పెట్టెలో స్లైడ్లు, కృత్యాల కార్డులు, చార్టులు సర్దుకుంటాడు. అక్కడ హాలులో టీచర్లు ఉత్సాహంగా పాల్గొంటారు, ఫొటోలు దిగుతారు, అభిప్రాయ పత్రంలో బాగుందని రాస్తారు. అది అబద్ధం కాదు, వారికి నిజంగానే బాగుంటుంది. శిక్షణ ముగిశాక వాళ్లు ఏ బడిలోకి వెళ్తారో, అక్కడ పిల్లలు ఏ భాషలో ఏడుస్తారో శిక్షకుడికి తెలియదు. ఏడు వందలకు పైగా భాషలున్న దేశమది. తూర్పు సుంబాలో కంబేరా మాట్లాడే పిల్లవాడికి బడి భాష ఇండోనేసియన్ కొత్తది.

హైదరాబాద్ నుంచి దమ్మపేటకు వచ్చే శిక్షణ కూడా ఇంతే దూరం నుంచి వస్తుంది. రాష్ట్ర స్థాయిలో మాడ్యూలు తయారవుతుంది; జిల్లా శిక్షకులు, అంటే డీఆర్పీలు, నేర్చుకుని మండల శిక్షకులైన ఎమ్మార్పీలకు చెబుతారు; ఎమ్మార్పీలు మండల వనరుల కేంద్రంలో, అంటే ఎమ్మార్సీలో, టీచర్లకు చెబుతారు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ సరుకు తరుగుతుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నిష్ఠా ఈ పద్ధతిలోనే 42 లక్షల మంది టీచర్లను లక్ష్యంగా పెట్టుకుంది. 2020 జాతీయ విద్యా విధానం ఏటా 50 గంటల వృత్తి వికాసం ఉండాలంది. 2022లో తెలంగాణ తొలిమెట్టు చదవడం, రాయడం, లెక్కలు చేయడం మీద దృష్టి పెట్టింది. ఆ దృష్టి సరైనదే. గంటలు లెక్కపెట్టడం సులువు. ఆ గంటలు ఎక్కడ గడిచాయన్నదే నా ప్రశ్న.

కోయ గూడెంలో ఒకటో తరగతి పిల్ల ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు వాచకం తెరుస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సమస్య కాదు. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పించాలనుకున్నప్పుడు ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలతో బహుభాషా విద్య మొదలైంది. మొదలుపెట్టిన శ్రద్ధతో దాన్ని కొనసాగించలేదు. 2000 జనవరి నాటి జీవో 3 ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ. దాంతో కోయ రాని టీచరు గూడెం బడికి వచ్చే అవకాశం పెరిగిందన్నది వాస్తవం. అలాంటప్పుడు ఏజెన్సీ మండలాల శిక్షణలో మొదటి పాఠం కోయ కావాలి. ఆ పాఠం చెప్పాల్సింది కోయ టీచర్లు. వాళ్లను హాలు చివరి కుర్చీల్లో కూర్చోబెట్టి ఇంకెవరి చేతో చెప్పించడం నాకు బాధ కలిగించే విషయం.

ఇండోనేసియా నుంచి నేర్చుకోవాల్సిందీ ఉంది. అక్కడ ఇరుగుపొరుగు ప్రాథమిక బడుల టీచర్లు కలిసి పనిచేసే బృందాలు 1980ల నుంచీ ఉన్నాయి; కేకేజీ అంటారు. అన్నీ బాగా నడుస్తాయని కాదు, కొన్ని పేరుకే మిగిలాయి. మనకూ స్కూల్ కాంప్లెక్స్ మీటింగులున్నాయి. వాటిలో సర్క్యులర్లు చదవడం, వివరాలు నింపడం ఎక్కువ. గండుగులపల్లి టీచరు, మందలపల్లి టీచరు తమ పిల్లల నోటుపుస్తకాలు బల్లమీద పెట్టి, ఈ తప్పు ఎందుకు వస్తోందని గంటసేపు మాట్లాడుకుంటే ఏ మాడ్యూలూ ఇవ్వలేనిది దొరుకుతుంది.

పామాయిల్ తోటకు మొదటి మూడు నాలుగేళ్లు దిగుబడి ఉండదు. మొక్క ఇచ్చి సదస్సు పెట్టినంత మాత్రాన ఏ రైతూ అన్నాళ్లు ఆగడు. తోటలోకి వచ్చి ఆకు చూసి చెప్పే మనిషి ఉండాలి. టీచరుకు అలాంటి మనిషి కావాలి. శిక్షణ రోజుల్లో సగం ఎమ్మార్సీ నుంచి తీసి బడికి ఇవ్వాలి. ఎమ్మార్పీ వచ్చి ముందు తానే పాఠం చెప్పాలి, టీచరు చూడాలి. మర్నాడు టీచరు చెప్పాలి, అతడు చూడాలి. నెల తర్వాత మళ్లీ రావాలి. దానికి తగ్గట్టు ప్రయాణ భత్యం, అతడి బడిలో బదులు టీచరు ఏర్పాటు ముందే చేయాలి. ఏకోపాధ్యాయ బడికి శిక్షణ పేరుతో తాళం పడకుండా ఉండటానికీ ఇదే మార్గం. ఇండోనేసియా వెళ్లే మన శిక్షకుడిని కూడా అడగాల్సింది ఇదే. హాలులో మూడు రోజులు ఉండి రావద్దు. ఒక్క రోజు హాలులో కూర్చుని, మిగతా రోజులు రెండు బడుల్లో గడపాలి. తిరిగి వచ్చాక కనీసం ఏడాది పాటు అక్కడి బృందంతో మాట్లాడుతూ ఉండాలి. అందుకు నిధులిచ్చే సంస్థ ఒప్పుకోకపోతే ఆ ప్రయాణం మానుకోవడమే మేలు.