గోడలోని సిలువ



క్రైస్తవ దేవాలయ మనగానే మనలో ననేకులకు మెదకులోని పెద్ద చర్చి తలపునకు వచ్చును. 1924 లో ప్రతిష్ఠింపబడిన యా మందిరపు టెత్తైన గోపురమును, క్రీస్తు చరిత్రను దెలుపు రంగుటద్దముల కిటికీలును జూచినవారు మరువజాలరు. కలిగినదంతయు దెచ్చి దైవసన్నిధి నలంకరించుట భక్తిలో నొక మార్గము. అక్కరలేనిదాని నెల్ల దొలగించుట వేరొక మార్గము. ఈ రెండవ మార్గమున వెలసిన యొక చిన్న మందిరమును గూర్చి యీ నెల ముచ్చటింతము.

జపానుదేశమున ఒసాకా నగరమునకు సమీపమున ఇబరాకి యను నూరు గలదు. అచ్చటి ప్రొటెస్టెంటు సంఘమువారికై తదావొ ఆండో యను శిల్పి నిర్మించిన మందిరము 1989 లో పూర్తియయ్యెను. ఈయన యే కళాశాలయందును వాస్తువిద్య నభ్యసింపలేదు. తొలుత ముష్టియుద్ధములు చేసినవాడు; పుస్తకములు చదివియు, దేశములు తిరిగి కట్టడములను జూచియు దనంత నేర్చుకొనెను. సంఘము చిన్నది, వారివద్ద నున్న ధనమును స్వల్పమే.

మందిరము కేవల మొక కాంక్రీటు పెట్టె. వైశాల్యము సుమారు 113 చదరపు మీటరులు. గోడలకు సున్నము లేదు, రంగు లేదు, చిత్తరువు లేదు. నేలకును, కూర్చుండు బల్లలకును, పనివా రెక్కి నిలుచుటకై సారువ కట్టునట్టి మోటు చెక్కలనే వాడిరి. వేదిక వెనుకనున్న గోడను నిలువునను, అడ్డమునను జీల్చి విడిచిరి. ఆ సందులే సిలువ. లోన మసకచీకటిలో గూర్చున్నవారికి వెలుతురే సిలువయై కాన్పించును.

ఇంతవరకు వినుటకు సొంపుగానే యున్నది. ఇక నసలు సంగతి. ఆ సందులకు అద్దములు వలదని ఆండో తలచెను. వెలుతురుతోబాటు గాలియు లోనికి రావలెనని యాయన కోరిక. కాని చలికాలమున నచ్చట గూర్చుండి ప్రార్థించువారు సంఘమువారే గదా! వారు సమ్మతింపలేదు, అద్దములు బిగింపబడెను. ఆండో తన కోరికను విడువలేదు. 2017 లో టోకియోలో దన కృతుల ప్రదర్శనము జరిగినప్పు డా మందిరమును నిండుకొలతతో మరల గట్టించి, సిలువకు అద్దము లేకుండ జూపించెను.

ఎవరిది న్యాయము? ప్రదర్శనమునకు వచ్చినవారు కొంతసేపు నిలిచి, మెచ్చుకొని, వెడలిపోవుదురు. ప్రతి యాదివారమును బిడ్డ నొడిలో నుంచుకొని కూర్చుండు తల్లికి చలి వేరు. అద్దము వెలుతురు నడ్డగింపదు, గాలినే యడ్డగించును. కావున నేను సంఘమువారి పక్షమే.

అట్లని యా శిల్పి పాఠమును ద్రోసివేయరాదు. ధనము చాలని చోట మోటుచెక్కయు శోభించునని యాయన చూపెను. మన యిండ్లలోను అక్కరకురాని సామాను తొలగినచో గాలియు వెలుతురును వచ్చును. అయితే తొలగించునప్పు డొక్కమాట విచారింపుడు. చూపునకు బాగుండలేదని వంటయింటిలోని పీటను దీసివైచినచో, నడుము నొచ్చున దెవరికి? తీసివేయు చేయియు, నొచ్చు నడుమును ఒక్కరివే యైనచో సరియే. వేరైనచో, ముందుగా వారి నడుగుట ధర్మము.