అడగందే పెట్టని చట్టం

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మన విద్యాశాఖలు ఈ సామెతనే నిబంధనగా నడుపుతున్నాయి. పరీక్షలో అదనపు సమయం కావాలంటే అడగాలి, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ కావాలంటే అడగాలి. ఒక భాష నుంచి మినహాయింపు కావాలంటే ముందు వైకల్య నిర్ధారణకు సదరం స్లాట్ సంపాదించి, కూలి పోగొట్టుకుని ఆస్పత్రికెళ్లి, సర్టిఫికెట్ తెచ్చుకుని అప్పుడడగాలి. ఏం అడగాలో, ఎవరినడగాలో తెలిసిన ఇళ్ల పిల్లలకు ఎంతో కొంత దక్కుతోంది. తెలియని ఇళ్ల పిల్లలు మొద్దులన్న పేరు మోస్తూ పదో తరగతి దాకా వచ్చి అక్కడ ఆగిపోతున్నారు. పిల్లవాడి తరఫున మాట్లాడటం తల్లిదండ్రుల చదువు మీద, తీరిక మీద ఆధారపడి ఉన్నంతకాలం ఎంత గొప్ప చట్టమైనా ఇప్పటికే నోరున్నవాళ్లకే అక్కరకొస్తుంది. మొదట నోరు విప్పాల్సింది బడి.

ఇది దయతో కోరే కోరిక కాదు, చట్టం చెప్పిందే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ అభ్యసన వైకల్యాలను వీలైనంత తొందరగా కనిపెట్టి తగిన విధంగా బోధించే బాధ్యతను ప్రభుత్వ బడులతో పాటు గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల మీదా పెట్టింది. 17వ సెక్షన్ అయిదేళ్లకోసారి బడిపిల్లల సర్వే చేయమంది, మొదటిది చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లలోపే చేయమంది. చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఆ లెక్కన 2019 నాటికి ఒక సర్వే, 2024 నాటికి రెండోది అయిపోయి ఉండాలి. అలాంటి బృందం తమ బడి గడప ఎప్పుడు తొక్కిందో మీ ఊరి హెడ్‌మాస్టరును అడిగి చూడండి. ఇంకో సంగతి. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే ఏ వెసులుబాటైనా అన్నది మన ఆఫీసుల్లో స్థిరపడిపోయిన నమ్మకం. ఈ రెండు సెక్షన్లలో ఆ షరతే లేదు. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. శాతం ఎంతన్నది పక్కనపెట్టి, మనిషి అవసరాన్ని చూసి స్క్రైబ్‌ను ఇవ్వమంది.

బడే ముందు కదలాలనడానికి బలమైన కారణం లెక్కల్లో ఉంది. 2011 జనగణన ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న దివ్యాంగ పిల్లల్లో 61 శాతం మందే చదువుకుంటున్నారు. 12 శాతం మంది మధ్యలో మానేశారు, 27 శాతం మంది అసలు బడి ముఖమే చూడలేదు. ఇదీ లెక్కకెక్కిన వైకల్యాల సంగతి. చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా లాంటివి ఆ జనగణన పట్టికలో లేనే లేవు. తెలుగులో అది పట్టుబడటం కూడా కష్టం. ఇంగ్లీషు స్పెల్లింగుల్లా కాకుండా మన లిపిలో రాసిందే పలుకుతాం, కాబట్టి పిల్లవాడు తప్పు చదవడం కంటే నెమ్మదిగా చదవడమే ఎక్కువ. కూడబలుక్కుంటూ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. వత్తు ఒక అక్షరం కింద పెట్టాల్సింది పక్క అక్షరానికి తగిలిస్తాడు. దీన్ని బద్ధకం అనుకోవడం తేలిక. ఇంగ్లీషు మీడియంలోకి మారాక అదే పిల్లవాడు ఒక్కసారిగా కుప్పకూలితే, భాష రాలేదంటారు. పొలం పనికో మేస్త్రీ పనికో పోయే తండ్రి ఈ తేడాను కనిపెట్టి అర్జీ పెట్టుకోవాలనడం ఏం న్యాయం? రోజూ చదివించేది టీచరు, వినేదీ టీచరే. పైగా ఎనిమిదేళ్లు నిండాక ఒకసారి, 14కి మళ్లీ, 18కి మళ్లీ ఈ పిల్లలు వైకల్యం నిరూపించుకోవాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు షరతు పెట్టాయి. డిస్లెక్సియా జలుబు కాదు, తగ్గిందో లేదో చూడటానికి.

అడిగి సాధించినవాళ్లూ ఉన్నారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే అంధులకు కుదరదన్నారు. కోర్టుకెళ్లి గెలిచి చదివారు, ఆనక అమెరికాలో ఎమ్‌ఐటీకి వెళ్లారు. 2024లో ఆయన కథ హిందీ సినిమాగా వస్తే జనం చప్పట్లు కొట్టారు. ఆయన పట్టుదలకు ఆ చప్పట్లు తగినవే. కాని, చూపులేని పిల్లవాడు సైన్సు పుస్తకం తెరవడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడం గర్వపడాల్సిన కథేమీ కాదు. కోర్టుకెళ్లలేక, దొరికిన గ్రూపులో చేరి సరిపెట్టుకున్నవాళ్ల మీద సినిమాలు రావు.

అన్నీ బడే చూడాలంటే చూసే మనుషులేరీ అన్న ప్రశ్న న్యాయమైనదే. అయిదు తరగతులకు ఒకరిద్దరు టీచర్లున్న బడిలో ఈ భారం కూడా నెత్తిన పెడితే ఎవరికీ మేలు జరగదు. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకొకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికొకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. ఇప్పటికీ పోస్టులు మంజూరు కాలేదేమని 2025 మార్చిలో రాష్ట్రాలను నిలదీసింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 1,016 ఈ కోవలోవి. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. మంచి అడుగే, అయినా మండలాల మీద పంచి చూస్తే తెలంగాణలో మండలానికి ఇద్దరైనా రారు, ఆంధ్రలో నలుగురు రారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలను ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది చాలీచాలని జీతంతో పనిచేసిన కాంట్రాక్టు రిసోర్స్ టీచర్లు. వాళ్ల అనుభవాన్ని వదులుకుని కొత్త నియామకాల గురించి గొప్పలు పోవడంలో అర్థం లేదు. ఇక మామూలు టీచరు నుంచి కోరేది వైద్యం కాదు. మూడో తరగతిలో ప్రతి పిల్లవాడి చేతా ఒక పేరా చదివించి, ఇబ్బంది పడేవాళ్ల పేర్లు రాసి రిసోర్స్ టీచరుకు చెప్పడం. దీనికోసం ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ యాప్‌ను 2022లోనే తెచ్చింది. ఆ పేర్లు రాసిన కాగితం అయిదో తరగతితో అటకెక్కకుండా పిల్లవాడితో పాటు హైస్కూలుకు వెళ్లాలి. వెసులుబాటు దరఖాస్తు నింపే పని హెడ్‌మాస్టరుదే అయితే తల్లిదండ్రులు సంతకం పెడితే చాలు.

ముద్ర పడుతుందనే భయం ఒకటుంది. ముద్ర ఎలాగూ పడుతోంది. మొద్దు, తిక్క, పనికిరాడు అన్న మాటలకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. మరీ పెద్ద అభ్యంతరం దొంగ సర్టిఫికెట్ల గురించి. అక్రమాలు జరుగుతున్న మాట నిజం. అవి జరిగేది సీటో ఉద్యోగమో పింఛనో ముడిపడి ఉన్న చోట. అక్కడ మెడికల్ బోర్డు ఎంత కఠినంగా ఉన్నా ఫరవాలేదు. నాలుగో తరగతి పిల్లవాడికి పెద్ద అక్షరాల పుస్తకం ఇవ్వడానికీ, ప్రశ్న గట్టిగా చదివి వినిపించడానికీ, జవాబు నోటితో చెప్పనివ్వడానికీ ఆ బోర్డు దేనికి? వీటిని అక్రమంగా పొంది ఎవడు బాగుపడతాడు? పాఠం రానివాడికి అదనంగా గంట ఇచ్చినా రాసేదేమీ ఉండదు. ఈ రెండు రకాల మేళ్లనూ ఒకే సర్టిఫికెట్‌కు కట్టేయడం వల్లే తరగతి గదిలో పది నిమిషాల్లో తేలే సంగతి జిల్లా ఆస్పత్రి క్యూలోకి చేరుతోంది.

బధిరుల్లాంటి కొందరికి సంజ్ఞా భాష వచ్చిన టీచర్లున్న ప్రత్యేక పాఠశాలే మేలంటే కాదనలేం. 2016 చట్టంలోని 31వ సెక్షన్ 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఊళ్లోని బడో ప్రత్యేక బడో ఎంచుకునే హక్కిచ్చింది. అయితే ఏ ఎంపికలు ఉన్నాయో అలాంటి బిడ్డ తల్లికి చెప్పేవాళ్లు ఉండాలి. జూన్‌లో బిడ్డను చేర్చడానికి ఆమె వచ్చినప్పుడు, అడ్మిషన్ ఫారం నింపుతున్న టీచరు కులం, ఆధార్ నంబరు అడిగిన నోటితోనే, పిల్లవాడికి చూపు, వినికిడి, మాట ఎలా ఉన్నాయని కూడా అడిగి, జవాబును ఆ కాగితం మీదే రాసుకోవచ్చు.