నారింజ రంగు అంటే పరవాలేదు అని కాదు

దసరా సెలవులు దగ్గరకొచ్చేశాయి. ఇది చదివాక క్లాసులో సగం మందికి నా మీద కోపం వస్తుంది. అయినా రాస్తున్నాను.

మన గోడ మీద మాలావత్ పూర్ణ అక్క ఫోటో ఉంది కదా. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి గిరిజన పిల్ల. మనలాగే గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేసరికి ఆమెకి 13 ఏళ్ళ 11 నెలలు. ఆమె టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కొండపనివాళ్ళు చనిపోయారు. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి మంచుచరియల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. మనకి మంచు అంటే పొగమంచే అనుకోండి!

మంచుకొండల మీద సరదాగా తిరిగేవాళ్ళ కోసం చాలా దేశాల్లో ఆ రోజు ప్రమాదం ఎంతో 1 నుంచి 5 దాకా ఒక అంకె వేసి చెబుతారు. 5 నాడే ఎక్కువమంది పోతారని నేననుకున్నాను. కాదు. 5 నాడు ఎవరూ గడప దాటరు. ఎక్కువమంది పోయేది 3 నాడు. అయిదుకి మూడేగా, మధ్యలోనే ఉన్నాం అనుకుంటారు. కానీ ఆ అంకెలు మెట్లలా సమానంగా ఉండవు, ఒక్కోటి పెరిగితే ప్రమాదం రెట్టింపు పైనే. 3 నాడు నిటారు వాలు మీద ఒక్క మనిషి బరువుకే మంచు కదిలిపోవచ్చు. వాళ్ళేం తెలియనివాళ్ళు కారు, మంచులో కూరుకుపోతే వెతకడానికి ఒంటికి యంత్రం కూడా కట్టుకుంటారు. అయినా ముందు ఎవరివో అడుగులు కనిపిస్తే, వాళ్ళు ఎల్లారుగా అని వీళ్ళూ ఎల్తారు.

మేమూ అంతే చేశాం. పోయిన దసరాకి దేవరాపల్లి దాటి కొండల్లోకి ఎల్తున్నాం. చిన్నాన్న ఫోనుకి నారింజ హెచ్చరిక వచ్చింది. "ఎర్రది కాదు కదే, నడు" అన్నాడు. నేనూ సరే అన్నాను, అమ్మని చూడాలని ఆత్రం. గెడ్డలో నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి. ముందు ముగ్గురు దాటేశారు. నడిమికి ఎల్లేసరికి కాళ్ళ కింద రాళ్ళు జారాయి. చిన్నాన్న నా జడ పట్టుకున్నాడు కాబట్టి ఇది రాస్తున్నాను. పుస్తకాల సంచి పోయింది.

వాతావరణ శాఖ రంగులకి అర్థం ఉంది. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని. 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు పడితే అతి భారీ వాన అంటారు. 200 అంటే మన హాస్టలు జాగా అంతా దరిదాపు జానెడు నీళ్ళు నిలిచినట్టు. కొండ మీద నిలవదు కదా, అంతా గెడ్డలోకే దిగుతుంది. మైదానం ఊళ్ళకీ మన ఊళ్ళకీ ఒకటే రంగు చెప్పినా, గెడ్డ దాటాల్సింది మనమే.

మేడం గారూ, సెలవుల ముందు రోజు ఏ రంగో, దాని అర్థమేమిటో నోటీసు బోర్డు మీద రాయించండి. నారింజ ఉంటే గెడ్డ దాటాల్సిన పిల్లల్ని ఆ రాత్రికి ఇక్కడే ఉంచండి. ఒక రోజు సెలవు పోతుందని అందరూ గొణుగుతారు, నేనూ గొణుగుతాను. ఉండేవాళ్ళ పేర్లలో మాత్రం నా పేరు ముందు రాసుకోండి.

— 9వ తరగతి విద్యార్థిని