పాత విమానానికి చందాలు

ఊరి రథం శిథిలమైతే చందాలు వేసుకొని బాగుచేయించుకొనుట తెలుగువారికి కొత్త సంగతి కాదు. కలపకు ఎంత, వడ్రంగి కూలికి ఎంత, మోకులకు ఎంత అని పెద్దలు లెక్క కడతారు. కలిగినవాడు వేలు వేస్తాడు, లేనివాడు పది రూపాయలు వేస్తాడు. ఒకసారి బాగుపడిన రథం ఒక తరానికి సరిపోతుంది. మరి నడిపిన కొద్దీ ఆయుర్దాయం తరిగిపోయే వస్తువు కోసం, ఏటేటా జోలె పడితే ఆ యాచన న్యాయమేనా? ఇంగ్లండులో ఒక ముసలి బాంబరు విమానం విషయమై ఈ ప్రశ్న ఏండ్ల తరబడి నలిగినది.

ఆ విమానం ఆవ్రో కంపెనీ వారి వల్కన్. త్రికోణాకారపు రెక్క, దానిలో దాగిన నాలుగు ఒలింపస్ ఇంజన్లు, ఆ కొన నుండి ఈ కొనకు 111 అడుగులు. మొదటి నమూనా 1952లో ఎగిరినది. అణుబాంబును శత్రుదేశం మీదికి మోసికొనిపోవుటకు దీనిని సృష్టించినారు. ఆ పని దీనికి ఎన్నడూ పడలేదు. లోకం చేసికొన్న పుణ్యమేదో కొంత మిగిలి ఉన్నదనుకోవలె. 1982లో ఫాక్‌లండు దీవుల యుద్ధంలో మాత్రం కొన్ని వల్కన్లు మామూలు బాంబులు వేసినవి. ఎక్స్‌హెచ్ 558 అనే సంఖ్య గల విమానం వాటిలో లేదు. అది 1960లో వైమానిక దళంలో చేరి, తోడివన్నీ విశ్రమించిన తరువాత కూడ 1992 వరకు ప్రదర్శనలలో ఎగిరి, 1993లో అమ్ముడుపోయి, బ్రంటింగ్‌థార్ప్ అనే చోటికి చేరినది.

దానిని మళ్ళీ ఎగిరించవలెనని సంకల్పించినవారు ఒక ధర్మసంస్థగా ఏర్పడినారు. జాతీయ లాటరీ రాబడిలో వారసత్వ సంపదకు కేటాయించే నిధి నుండి 2004లో 27 లక్షల పౌండ్ల సహాయం లభించినది. అది చాలదు; తక్కినది ప్రజల నుండి రావలె. 2006 ఆగస్టు నెలాఖరులోగా సొమ్ము సమకూడకపోతే పనివారిని పంపివేయవలసినదే అన్న దశలో సర్ జాక్ హేవార్డ్ అనే వ్యాపారి 5 లక్షల పౌండ్లు ఇచ్చి ఆదుకొన్నాడు. (1970లో గ్రేట్ బ్రిటన్ అనే పాత ఓడను ఫాక్‌లండు దీవుల నుండి స్వదేశానికి రప్పించుటకు ధనమిచ్చినదీ ఆయనే. కొందరికి గుర్రాల పిచ్చి, కొందరికి ఇట్టి పిచ్చి.) 2007 అక్టోబరు 18న ఆ వల్కన్ పద్నాలుగేండ్ల తరువాత మళ్ళీ నేల విడిచినది.

ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ డబ్బుతో ఆస్పత్రిలో మంచాలు వేయవచ్చునన్నారు. ఈ మాట ఎప్పుడూ చెల్లుబాటయ్యేదే; వీణ కొన్నవానిని, పుస్తకం అచ్చు వేయించినవానిని, గుడికి గోపురమెత్తించినవానిని కూడ ఇదే మాటతో నిలువరించవచ్చు. లాటరీ నిధి వారసత్వ సంపద కోసమే ప్రత్యేకించినది. తక్కినది ఎవరి జేబులో నుండి వారు ఇష్టపడి తీసి ఇచ్చినది. అంతకంటె బరువైన ఆక్షేపణ ఇంకొకటి: నగరాలను భస్మం చేయుటకు పుట్టిన యంత్రానికి హారతులు పట్టుట తగునా అని. దీనికి సులభమైన సమాధానం లేదు. అయినా నేల మీద నిలబెట్టిన వల్కన్‌ను చూచినవానికి అది ఒక లోహపు కట్టడం మాత్రమే. తల మీదుగా గర్జిస్తూ పోయినప్పుడు మనిషి దేనిని నిర్మించగలిగినాడో, దేనికి నిర్మించినాడో రెండూ ఒక్కసారే తెలిసివస్తవి. ఆ గర్జన వినిపించుటే ఆ చందాల ప్రయోజనమైతే అది వ్యర్థం కాదు.

అసలు చిక్కు వేరే ఉన్నది. ఎగిరే విమానానికి ఇచ్చిన సొమ్ము వస్తువుగా మిగలదు, గంటలుగా ఖర్చయిపోతుంది. లోహానికి అలసట ఉన్నది. ఇంజనుకు ఇన్ని మార్లు అని లెక్క ఉన్నది. ఒలింపస్ ఇంజన్లు కొత్తవి తయారు కావు. 2012 మే 28న ఇంజనులోనికి గాలి పోయే మార్గంలో మరచి వదిలిన తేమ పీల్చే సంచులు లోపలికి పోయి, రెండు ఇంజన్లు ఒక్క క్షణంలో పాడైనవి. ఏండ్ల చందా ఒక చేతిపొరపాటుకు ఆహుతి అయినది. మళ్ళీ విజ్ఞప్తులు, మళ్ళీ గడువులు. ఈ నెలలోగా ఇంత రాకపోతే ఇక ఎగరదు అని ప్రతిసారీ భయపెట్టి అడుగుట ఆ సంస్థ చేసిన పనులలో మెచ్చదగినది కాదు. మొదటిసారి ఆ మాటకు మనసు కరుగుతుంది. నాలుగవసారి ఎంత నిజమైనా వినేవాని చెవి మొద్దుబారుతుంది.

చివరకు ఆ విమానాన్ని నేలకు దింపినది డబ్బు కొరత కాదు. ఇంత క్లిష్టమైన పాత విమానం ఎగరవలెనంటే దాని నిర్మాణ రహస్యం ఎరిగిన సంస్థలు పూచీ పడవలెనని అక్కడి నిబంధన. అట్టి మూడు సంస్థలు 2015 తరువాత పూచీ పడలేమని చెప్పినవి. ఆ విద్య తెలిసిన పాత ఇంజనీర్లు ఒక్కరొక్కరే విరమించుకొంటున్నారు. అదీగాక, ఏ వల్కనూ ఎగరనన్ని గంటలు ఈ ఒక్కటి అప్పటికే ఎగిరి ఉన్నది. ఈసారి ధర్మసంస్థ దాచలేదు. ఇదే కడపటి ఏడు అని వేసవిలోనే ప్రకటించినది. అక్టోబరులో వీడ్కోలు యాత్రగా దేశమంతటా తిప్పి, 28వ తేదీన డాంకాస్టరులో ఆఖరుసారి ఎగిరించినది. అన్ని విజ్ఞప్తులలోను నిజాయితీ గలది సొమ్ము కోసం కాక వీడ్కోలు కోసం చేసిన ఈ విజ్ఞప్తే.

మన దేశానికీ ఇట్టి విమానం ఒకటి వచ్చినది, చందాలతో కాదు. డకోటా పైలటుగా పనిచేసిన తన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గౌరవార్థం రాజీవ్ చంద్రశేఖర్ ఒక పాత డకోటాను ఇంగ్లండులో బాగుచేయించి వైమానిక దళానికి బహూకరించినాడు. 2018 ఏప్రిల్‌లో అది మజిలీలు చేసికొంటూ జామ్‌నగరు చేరినది. పరశురామ అని పేరుపెట్టినారు. 1947 అక్టోబరు 27న శ్రీనగరంలో సైనికులను దింపిన డకోటా సంఖ్య వీపీ 905ను దీనికి ఇచ్చినారు. 1953కు పూర్వం దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు బేగంపేటలో దిగుట చూచిన వృద్ధులు హైదరాబాదులో ఇంకా లేకపోలేదు. వారి చేత ఒక్కొక్క రూపాయి వేయించి ఉంటే ఆ విమానం వారిది కూడ అయి ఉండేది. దాత ఔదార్యానికి లోటు లేదు. కాని ఒక్కరి కానుకను పదిమంది చూచి సంతోషిస్తారు, పదిమంది చందాను పదిమందీ కాపాడుకొంటారు.

డకోటాకు ఒక అదృష్టమున్నది. వల్కన్లు నమూనాలతో కలిపి 136; డకోటాలు పదివేలకు పైబడి తయారైనవి. విడిభాగాలు దొరకుతవి, వాటిని విప్పి బిగించుట తెలిసినవారూ దొరకుతారు. ఎవరైనా ఇక మీదట ఇక్కడ ఒక పాత విమానానికి చందా పుస్తకం తెరిస్తే, మొదటి పద్దు ఇంజనుకు కాక ఇంజను తెలిసిన ముసలి మేస్త్రీకి, ఆయన వెంట నిలబడి నేర్చుకొనే ఇద్దరు కుర్రవాండ్ర జీతానికి వ్రాయవలె. రెండవ పద్దులో, ఈ సొమ్ము ఇన్ని గంటలకు అని తేటగా చెప్పవలె.

డాంకాస్టరు విమానాశ్రయం 2022లో మూతపడినది. అప్పటికి ఎక్స్‌హెచ్ 558 ఎగరక ఏడేండ్లయినది. దానిని అక్కడి నుండి ఎగిరించుకొనిపోవుట ఎవరి తరమూ కాలేదు.