ఇంటి తలుపు తెరచిన మాత్రమున చాలునా?

వేసవి సెలవులు వచ్చుసరికి హోసూరులోని అన్నగారి పిల్లలును, షోలాపురములోని మేనత్తగారి పిల్లలును, బరంపురములోని పినతండ్రిగారి పిల్లలును ఒకే ఆటలో కలిసికొనవలెనని ముచ్చటపడుట నేడు సహజము. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటకు ఇంటిలోని కంప్యూటరునే సర్వరుగా నిలిపినచో నెలనెలా అద్దె కట్టనక్కరలేదు. తెలియనివారితో పొత్తు ఉండదు. కోరిక మంచిదే. కాని కుఱ్ఱవాడు నాలుగు రాత్రులు రౌటరు ముందు కూర్చుండి పోర్టు ఫార్వర్డింగు చేసినను బయటి పిల్లలు లోనికి రాలేకపోవుటయు, "వీనికి చేతకాలేదు" అని పెద్దలు తేల్చివేయుటయు పెక్కు ఇండ్లలో జరుగుచున్నది. ఇట్టి సందర్భములలో తరచుగా తప్పు కుఱ్ఱవానిది కాదు, రౌటరుదియు కాదు. ఆ ఇంటికి ఇచ్చిన కనెక్షనుకు బయటివారు పిలువదగిన సొంత చిరునామాయే ఉండదు. ఈ సంగతిని అమ్మునాడే చెప్పుట కంపెనీల విధియని మా అభిప్రాయము.

ఇట్లేల జరుగుచున్నదో చూతము. ఇంటర్నెట్టు చిరునామాలు మొదట 32 బిట్ల సంఖ్యలుగా ఏర్పడినవి. అవి అన్నియు కలిపి సుమారు 429 కోట్లు మాత్రమే. కేంద్ర నిల్వలోని కడపటి భాగములు 2011 ఫిబ్రవరిలో ప్రాంతీయ సంస్థలకు పంచివేయబడినవి. ఇంటిలోని యంత్రములకు 192.168తో మొదలగు లోపలి సంఖ్యలుండును. అవే సంఖ్యలు ప్రక్క ఇంటిలోను ఉండును. వీటన్నిటికిని బయట ఒకే చిరునామాతో పని జరిపించునది రౌటరు. లోపలివారు బయటికి కబురు పంపినచో ఎవరు పంపిరో గుర్తుంచుకొని ప్రత్యుత్తరమును వారికే చేర్చును. బయటివారు తమంత తాముగా వచ్చి పిలిచినచో ఎవరికి అప్పగింపవలెనో దానికి తెలియదు. "25565వ పోర్టునకు వచ్చినవారిని ఫలానా యంత్రము వద్దకు పంపుము" అని ముందుగా చెప్పి ఉంచుటయే పోర్టు ఫార్వర్డింగు.

చిరునామాలు కరవైన పిమ్మట పెక్కు కంపెనీలు ఇదే ఉపాయమును తమ కేంద్రములలోను అమలుపరచి, అనేక గృహములకు ఒకే బయటి చిరునామాను పంచుచున్నవి. ఇందుకొరకే 100.64 మొదలు 100.127 వరకు గల వరుస 2012లో ప్రత్యేకింపబడినది. పెద్ద లోగిలిలో మన వాటా తలుపు బార్లా తెరచి ఉంచినను, వీథిగుమ్మము వద్ద కావలివానికి మన పేరు తెలియనిచో చుట్టము లోనికెట్లు రాగలడు? ఆ కావలివాడు కంపెనీ మనిషి. మన మాట వినడు.

కావున పరీక్షను బయటి చిరునామాతో ఆరంభింపవలెను. రౌటరు పుటలో వ్యాన్ అను చోట కనిపించు సంఖ్యను, బయటి వెబ్‌సైటు మన చిరునామాగా చూపు సంఖ్యతో సరిపోల్చవలెను. రెండును ఒకటైనచో ముందుకు సాగవచ్చును. వేరైనచో ఆ సంఖ్య 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలోనిదేమో చూడవలెను. అట్లయినచో అది కంపెనీ ఏర్పాటే. 192.168తో మొదలైనచో, కంపెనీవారి ఫైబరు పెట్టెయే ఒక రౌటరుగా పనిచేయుచు, మన రౌటరు దాని వెనుక నున్నదన్నమాట. అప్పుడు పెట్టెను బ్రిడ్జి మోడులో ఉంచమని కోరవలెను, లేదా రెండింటను ఫార్వర్డింగు చేయవలెను.

చిరునామా సరిగా నున్న పిమ్మట మిగిలినవి చిన్న పనులు. సర్వరు యంత్రమునకు లోపలి సంఖ్య మారకుండ రౌటరులో స్థిరపరుపవలెను. జావా ఎడిషనుకు టీసీపీ 25565, బెడ్‌రాక్ ఎడిషనుకు యూడీపీ 19132 అను భేదమును మరువరాదు. విండోస్ ఫైర్‌వాల్ అనుమతి ఇచ్చినదో లేదో చూడవలెను. సర్వరు నడచుచుండగనే పరీక్షింపవలెను. అది నిలిచియున్నచో పోర్టు మూసియున్నట్లే కనిపించును. ఇంటి వైఫై నుండి బయటి చిరునామాతో పరీక్షించుట నమ్మదగినది కాదు. పెక్కు రౌటర్లు లోపలివారిని అట్లు చుట్టుదారిన రానీయవు. మొబైలు డేటాతో చూచుటయే సరియైనది.

తలుపు తెరచుట అపాయము కాదా యని పెద్దలు అడుగవచ్చును. ఆ భయము న్యాయమైనదే. ఒక్క పోర్టు మాత్రమే తెరచి, వైట్‌లిస్టులో మనవారి పేర్లే ఉంచి, సర్వరును ఎప్పటికప్పుడు నవీకరించి, ఆట ముగియగనే పోర్టును మూసివేసినచో అపాయము చాలవరకు తగ్గును. విసుగుతో యంత్రమునంతటిని డీఎంజెడ్‌లో పెట్టుట మాత్రము ఎన్నడును కూడదు.

కంపెనీల పక్షమునను ఒక మాట చెప్పవలెను. లేని చిరునామాలను వారు సృష్టింపలేరు. పంచి ఇచ్చుట నేరము కాదు. 128 బిట్ల కొత్త పద్ధతియగు ఐపీవీ6 మన దేశమున ఇప్పటికే సగమునకు మించిన వాడుకదారులకు అందినది. రెండు ఇండ్లకును అది ఉన్నచో ఫార్వర్డింగుతో పనిలేదు. రౌటరు ఫైర్‌వాలులో అనుమతి యిచ్చిన చాలును. కొన్ని కంపెనీలు అదనపు రుసుముపై సొంత బయటి చిరునామాను ఇచ్చుచున్నవి. ఇన్ని మార్గములుండగా, వేగమును గూర్చి పెద్ద అక్షరములతో ప్రకటించువారు "ఈ కనెక్షనుకు బయటినుండి రాకడ లేదు" అని ఒక్క వాక్యము చేర్చుటకు వారికగు వ్యయమేమి? పోవుటకే గాని వచ్చుటకు వీలులేని దారిని పూర్తి దారియని అమ్ముట ధర్మము కాదు.

ఇది ఆటకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఇంటి కెమెరాను ఊరినుండి చూడగోరువారికిని, ఇంటిలో దాచిన ఛాయాచిత్రములను దూరమునుండి తెరువగోరువారికిని ఇదే చిక్కు ఎదురగును. కావున కొత్త కనెక్షను తీసికొనువారు డబ్బు చెల్లింపక పూర్వమే రెండు ప్రశ్నలు అడిగి వ్రాతమూలకముగా జవాబు పొందవలెను: సొంత బయటి చిరునామా ఇత్తురా? ఐపీవీ6 ఇత్తురా? ఇప్పటికే తీసికొన్నవారు పిల్లలను మందలించుటకు ముందు, పైన చెప్పిన రెండు సంఖ్యలను ఒకసారి సరిపోల్చి చూతురు గాక.