బస్సు దిగిన తరువాత

విశాఖపట్నంలో పిల్లలను కాలేజీలో చేర్పించే తల్లిదండ్రులు మొట్టమొదట గది అద్దె ఎంతని అడుగుతారు. బస్సు సంగతి కూడా అడగాలి సుమండీ! కొండలకూ సముద్రానికీ నడుమ ఊరు పొడుగ్గా సాగింది. గాజువాకలో అద్దె కలిసివచ్చినా, మద్దిలపాలెం రాకపోకలకే సగం పొద్దు పోతుంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. డబ్బుల్లేక చదువు మాన్పించే ఇళ్లకు ఇది చిన్న మేలు కాదు. కాని సాయంకాలం లాబరేటరీ ముగిశాక బస్సు అందకపోతే, షేర్ ఆటోకు డబ్బు కావలసిందే. ఆ డబ్బు అమ్మాయి చేతిలో ఉంచండి.

గది కుదుర్చుకునే ముందు బస్సు స్టాపు నుంచి అక్కడికి రాత్రి ఎనిమిదింటికి ఒకసారి నడిచి చూడండి. పగలు నాలుగడుగులే అనిపించిన దారి చీకట్లో ఎంత దూరమో అప్పుడు తెలుస్తుంది.