ప్రశ్నకు పహరా, పాండిత్యానికి సంకెళ్లు

2025 మే 18న హర్యానా పోలీసులు అశోకా విశ్వవిద్యాలయ రాజనీతిశాస్త్ర విభాగాధిపతి అలీ ఖాన్ మహమూదాబాద్‌ను అరెస్టు చేశారు. ఆయన చేసిన నేరమేమిటి? ఆపరేషన్ సిందూర్ వివరాలను దేశానికి తెలియజేసిన కల్నల్ సోఫియా ఖురేషీని ప్రశంసిస్తున్నవారు, మూకదాడులకు, బుల్డోజర్లకు బలైన పౌరుల రక్షణను కూడా అంతే బిగ్గరగా కోరాలని ఫేస్‌బుక్‌లో రాయడమే. దానికి దేశ సార్వభౌమత్వాన్ని ప్రమాదంలో పడవేశారన్న అభియోగం మోపారు.

మూడు రోజుల తర్వాత సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు మంజూరు చేసింది. అయితే కేసుకు సంబంధించిన అంశంపై ఏమీ రాయరాదని, పాస్‌పోర్టు అప్పగించాలని షరతులు విధించింది. ఆ రాతల అంతరార్థం తేల్చడానికి ముగ్గురు ఐపీఎస్ అధికారులతో బృందాన్ని వేయించింది. అధ్యాపకుని వాక్యానికి వ్యాఖ్యానం చెప్పవలసింది పోలీసులా? జూలైలో ఆ న్యాయస్థానమే, దర్యాప్తు దారి తప్పుతున్నదని, అధికారులకు కావలసింది ఆయన కాదు, నిఘంటువని వ్యాఖ్యానించవలసి వచ్చింది!

ఇది ముస్లిం పేరుకు మాత్రమే వచ్చిన ఆపద అనుకోవడం పొరపాటు. 2019 లోక్‌సభ ఎన్నికలపై పరిశోధనా పత్రం రాసిన ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు సబ్యసాచి దాస్, 2023లో అదే విశ్వవిద్యాలయం నుంచి రాజీనామా చేయవలసి వచ్చింది. అయితే ముస్లిం మేధావి నోరు విప్పితే అతని వాదాన్ని కాదు, దేశభక్తిని పరీక్షకు పెడుతున్నారు. తేడా అక్కడుంది.

మన హైదరాబాద్ నేర్పిన పాఠాన్ని మరువరాదు. 2015 ఆగస్టులో ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ డాక్యుమెంటరీ ప్రదర్శనను ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అడ్డుకున్నప్పుడు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ విద్యార్థి సంఘం నిరసన తెలిపింది. ఆ తర్వాత చెలరేగిన వివాదంలో ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేశారు. వారిలో ఒకడైన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ముజఫర్‌నగర్ బాధితుల కోసం గళమెత్తిన వారిలో అతనొకడు. ఆ రుణం మన మీద ఉంది.

“బేటా, నీకెందుకీ గొడవలు? చదువుకొని ఉద్యోగం చూసుకో” అని మన ఇళ్లలో తల్లిదండ్రులు అంటున్నారు. వారి భయం అకారణం కాదు. కాని మౌనం ఎవరినీ కాపాడలేదు; ప్రశ్నించే మరొకరిని ఒంటరిని చేసింది. బిడ్డకు జాగ్రత్త నేర్పుదాం, పిరికితనం వద్దు.

విద్యార్థిపై గాని, అధ్యాపకునిపై గాని చర్య తీసుకునే ముందు నిష్పాక్షిక విచారణ జరగాలి. కేసు పడిన అధ్యాపకునికి విశ్వవిద్యాలయమే న్యాయసహాయం అందించాలి. ఈ కోర్కెలను తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు కలిసి వినిపించాలి. అదే సమయంలో, మన సమాజాన్ని విమర్శించే పరిశోధన వెలువడితే మనం కూడా పోలీసు స్టేషన్‌కు పరుగెత్తరాదు, కలంతోనే జవాబివ్వాలి. మనకు నచ్చిన మాటకే స్వేచ్ఛ కోరితే అది హక్కు కాదు, పక్షపాతం.